అగరొత్తి వాసన గది దాటడం విసరణేనా? మావాడు అడిగిన రెండు ప్రశ్నలు

గోదారి గట్టు
శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. మావాడు తొమ్మిదో తరగతి. నిన్న సైన్సు పాఠం అప్పజెప్పించుకుంటున్నాను. "అణువులు గాఢత ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి పోతాయి" అనే దాకా వచ్చి ఆగిపోయాడు. (నా చిన్నప్పుడు దీన్ని విసరణ అని చదివాం, ఇప్పుడు వ్యాపనం అంటున్నారు. రెండూ ఒకటే కదండీ?)

ఆగి ఏమన్నాడంటే, "అమ్మా, అణువుకి కళ్ళు లేవు, బుర్ర లేదు. ఎటువైపు తక్కువ ఉన్నాయో దానికెలా తెలుస్తుంది?"

నేను ఇంకా తేరుకోకముందే రెండోది. గాలిలో అణువులు సెకనుకి 500 మీటర్ల దాకా పరిగెడతాయని వాళ్ళ టీచరు చెప్పారట. "మరి నువ్వు దేవుడి దగ్గర అగరొత్తి వెలిగిస్తే హాల్లోకి వాసన రావడానికి అంతసేపెందుకు? వెలిగించిన క్షణంలోనే రావాలి కదా?"

రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. "పుస్తకంలో ఉన్నది రాసేయ్, చాలు" అని వాడి నోరు మూయించడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.


సైన్సు మాస్టారు
శనివారం, రాత్రి 10:05

ముందు మీవాణ్ణి నా తరఫున భుజం తట్టండమ్మా. ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో పాఠం చెబుతున్నాను. ఆ మొదటి ప్రశ్న అడిగినవాళ్ళు నలుగురైదుగురికి మించి లేరు.

అవును, విసరణ, వ్యాపనం ఒకటే.

అణువుకి ఏమీ తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. స్కూలు మైదానం మధ్యలో ముగ్గుతో ఒక గీత గీశామనుకోండి. గీతకి ఎడమవైపు వందమంది పిల్లలు, కుడివైపు పదిమంది. అందరి కళ్ళకీ గంతలు కట్టాం. ప్రతివాడూ ఒక రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే ఒక అడుగు ఎడమకి, బొరుసు పడితే కుడికి వెయ్యాలి. గీత పక్కన ఉన్న ఏ ఒక్కడినీ "అటు పో" అని ఎవరూ నెట్టలేదు. కానీ ఎడమవైపు జనం పదింతలున్నారు కాబట్టి అటు నుంచి ఇటు దాటేవాళ్ళు, ఇటు నుంచి అటు దాటేవాళ్ళకంటే పదింతలుంటారు. రెండువైపులా సమానమయ్యేదాకా ఇదే వరస. సమానమయ్యాక కూడా దాటడం ఆగదు. ఎందరు పోతే అందరు వస్తారు, అంతే. "పోతాయి" అని పుస్తకంలో రాసింది మొత్తం లెక్క తేల్చాక మిగిలే తేడా గురించి. ఒక్కో అణువు గురించి కాదు.

రెండోది. అణువు వేగం 500 మీటర్లన్నది నిజమే, గంటకి 1800 కిలోమీటర్లు. కానీ గాలిలో దానికి ఖాళీ దారి దొరకదు. సుమారు 70 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో వెయ్యో వంతు పోయేసరికి ఇంకో అణువుని గుద్దుకుంటుంది. సెకనుకి 700 కోట్ల గుద్దుళ్ళు. శివరాత్రి నాడు కోటప్పకొండ తిరనాళ్ళలో ఎంత పరుగుపందెం వీరుడైనా ఎంత దూరం పోగలడు? అగరొత్తి అణువుదీ అదే అవస్థ. అందుకే వాసన నిదానంగా హాల్లోకి విసరణ చెందుతుంది.


కణదర్శి
శనివారం, రాత్రి 11:30

మాస్టారి గంతల ఉదాహరణ నేను చూసినవాటిలో చాలా స్పష్టమైనది. నేను కణజీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, ఇకమీదట మా జూనియర్లకి అదే చెబుతాను. కానీ చివరి వాక్యంతో ఏకీభవించలేకపోతున్నాను మాస్టారూ. ఇది చిన్న తేడా అయితే ఊరుకునేవాణ్ణి.

మీ పిల్లవాడు బిళ్ళ ఎగరేసుకుంటూ వంద అడుగులు వేశాక మొదలుపెట్టిన చోటు నుంచి ఎంత దూరంలో ఉంటాడు? సగటున పది అడుగులు. పదివేల అడుగులు వేస్తే? వంద అడుగులు. ముందుకేసింది వెనక్కి, వెనక్కేసింది ముందుకి కొట్టుకుపోతుంటాయి. దూరం రెట్టింపు కావాలంటే సమయం నాలుగింతలు కావాలి, పదింతల దూరానికి వందింతల సమయం. విసరణ అంతా ఈ ఒక్క వర్గం లెక్కలోనే ఉంది.

పట్టే సమయం తెలియాలంటే దూరాన్ని దూరంతోనే గుణించి, విసరణ గుణకానికి (అణువులు ఎంత త్వరగా వ్యాపిస్తాయో చెప్పే సంఖ్య) రెట్టింపుతో భాగించాలి. గాలిలో వాసన అణువులకి ఆ గుణకం సెకనుకి సుమారు చదరపు మీటరులో లక్షో వంతు. దేవుడి గది నుంచి హాలుకి ఐదు మీటర్లు వేసుకోండి. ఇరవై ఐదుని లక్షలో రెండు వంతులతో భాగిస్తే పన్నెండున్నర లక్షల సెకన్లు. దాదాపు రెండు వారాలు!

మన ముక్కు అతి కొద్ది అణువుల్ని కూడా పట్టేస్తుంది కాబట్టి కొంత ముందే తెలియొచ్చు. అయినా వారాలు నిమిషాలైపోవు. కాబట్టి హాల్లోకి వచ్చిన వాసన విసరణ వల్ల రాలేదు, గాలి మోసుకొచ్చింది. అగరొత్తి అణువు తిరనాళ్ళ జనంలో నడిచి రాలేదు, జనంతో పాటు ప్రభ ఎక్కి వచ్చింది.


సైన్సు మాస్టారు
ఆదివారం, ఉదయం 5:50

మీరు రాసింది చదివాక రాత్రి సరిగా నిద్రపట్టలేదు. లెక్క నేనూ వేసి చూశాను, తప్పు దొరకలేదు. కానీ నేను క్లాసులో తలుపులు, కిటికీలు మూయించి, ఫ్యాన్లు ఆపించి మరీ ఈ ప్రయోగం చేయించేవాణ్ణి. రెండు మూడు నిమిషాల్లో వెనక బెంచీ పిల్లలు చెయ్యెత్తేవారు. గాలే ఆడని గదిలో మోసుకొచ్చేదెవరు?


కణదర్శి
ఆదివారం, ఉదయం 8:15

గాలి ఆడటం లేదని మనకనిపిస్తుంది గానీ, ఆడుతూనే ఉంటుంది మాస్టారూ. నలభైమంది పిల్లల ఒంటి వేడికే గాలి పైకి లేస్తుంది, చల్లగాలి ఆ ఖాళీలోకి దిగుతుంది. అగరొత్తి నిప్పు దగ్గర పొగని గమనించండి. దారంలా తిన్నగా పైకి లేచి, జానెడు పోయాక మెలికలు తిరుగుతుంది. విసరణే అయితే పొగ అన్నివైపులా ఒకేలా బంతిలా ఉబ్బాలి.

గ్లాసు నీళ్ళలో సిరా చుక్క వేసే ప్రయోగం కూడా ఇంతే. సిరా నీటికంటే కాస్త బరువు, తీగలు తీగలుగా కిందికి జారుతుంది. అది బరువు చేసిన పని. అసలు విసరణ చూడాలంటే నీటిని కదలకుండా కట్టేయాలి. కిరాణా కొట్లో దొరికే చైనా గ్రాస్‌తో జెల్లీ చేసి దానిమీద రంగునీళ్ళు పోసి చూడండి. జెల్లీలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు నీరే, కానీ ప్రవాహం ఉండదు. అణువు తన కాళ్ళమీద తాను నడవాల్సిందే.


చెరువుగట్టు
ఆదివారం, ఉదయం 9:40

నేను సైన్సు చదవలేదండి. భీమవరం దగ్గర ఆరెకరాల వనామీ రొయ్యల చెరువు. మీ లెక్క చూశాక ఒకటి అడగాలనిపించింది. తెల్లారుజామున మా చెరువులో డీవో పడిపోతుంది, అంటే నీళ్ళలో కలిసున్న ఆక్సిజన్. రొయ్య పైకి తేలి గట్టువెంబడి తిరుగుతుంది. గాలి కొట్టే ఏరియేటర్లు వేస్తే తేరుకుంటుంది. రెండేళ్ళ కిందట రాత్రి కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, తెల్లారేసరికి ఒక చెరువు మొత్తం పోగొట్టుకున్నాను.

అప్పటి నుంచి నాకొకటే సందేహం. చెరువు మీద ఆకాశం నిండా గాలి ఉంది. అందులో అయిదో వంతు ఆక్సిజనేనంటారు. నీళ్ళకి, గాలికి మధ్య గోడేం లేదు. అంత గాలి పైన పెట్టుకుని కింద రొయ్య ఊపిరాడక ఎందుకు చావాలి? మా చెరువు లోతు అయిదడుగులు.


కణదర్శి
ఆదివారం, ఉదయం 10:25

మీ నష్టం చదివి బాధేసింది అన్నగారూ. మీ ప్రశ్నకి జవాబు ఆ వర్గం లెక్కే.

నీళ్ళలో అణువులు భుజం భుజం రాసుకుంటూ ఉంటాయి. గాలిలో కంటే నీళ్ళలో ఆక్సిజన్ విసరణ సుమారు పదివేల రెట్లు నెమ్మది. మీ చెరువు లోతు మీటరున్నర అనుకుని, నీరు అస్సలు కదలకపోతే పైనుంచి ఆక్సిజన్ అడుక్కి చేరడానికి ఎంత పడుతుందో లెక్కేశాను. దాదాపు 15 ఏళ్ళు.

తప్పు రాయలేదు, ఏళ్ళే. పై పొరలోకి ఆక్సిజన్ కరుగుతుంది, అక్కడే ఆగిపోతుంది. పగలు నీటిలోని పాచి కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే పాచి, రొయ్య, అడుగు బురదలోని బాక్టీరియా అన్నీ కలిసి వాడేస్తాయి. అందుకే తెల్లారుజాము గండం. మీ ఏరియేటరు రెక్కలు గాలిని నీళ్ళలో కలపడమే కాదు, పైనీటిని కిందికి, కిందినీటిని పైకి తిప్పుతాయి. అణువు పదిహేనేళ్ళు నడవాల్సిన దూరాన్ని నీటి ప్రవాహం నిమిషాల్లో దాటిస్తుంది. మిగిలిన కాస్త, అంటే రొయ్య మొప్పల పొర దాటే ఆ కొద్ది మైక్రోమీటర్లే (మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), విసరణకి వదిలేస్తుంది. అంత చిన్న దూరంలో విసరణని మించింది లేదు.


చెరువుగట్టు
ఆదివారం, ఉదయం 11:10

పదిహేనేళ్ళా! ఇన్నాళ్ళూ ఏరియేటరంటే బుడగలు కొట్టే మిషననే అనుకున్నా. తిప్పడమే అసలు పని అన్నమాట.

మరి మా నాన్నగారి కాలంలో ఇదే భూమిలో వరి వేసేవాళ్ళం. వరి వేరు నిండా నీళ్ళలో, బురదలో ఉంటుంది కదా. అదెలా ఊపిరి పీల్చుకుంటుంది?


కణదర్శి
ఆదివారం, మధ్యాహ్నం 12:05

వరి ఆ చిక్కుని ఎప్పుడో విప్పుకుంది. వరి కాడని అడ్డంగా కోసి చూడండి, లోపల గాలి గొట్టాలు కనిపిస్తాయి. ఆకు నుంచి వేరు కొస దాకా ఆ గొట్టాలున్నాయి. ఆక్సిజన్ నీళ్ళలో నుంచి రాదు, గాలి గొట్టంలో నుంచి దిగుతుంది. పదివేల రెట్లు తేలికైన దారి. ముంపులో మిగతా పైర్లు చాలామటుకు కుళ్ళిపోయి, వరి నిలబడేది ఇందుకే. వరి పొలంలో బురద కదిపితే వేళ్ళ చుట్టూ తుప్పు రంగు కనిపిస్తుంది చూశారా? వేరు నుంచి బయటికి కారిన ఆక్సిజన్ బురదలో ఇనుముని తుప్పు పట్టించిన గుర్తు అది.


గోదారి గట్టు
ఆదివారం, మధ్యాహ్నం 2:30

మావాడు పక్కన కూర్చుని అన్నీ చదువుతున్నాడు, అన్నం కూడా ఇక్కడే తిన్నాడు. వాడి ప్రశ్న: "చెరువుకి ఏరియేటరుంది. మన కణంలో ఏరియేటరు ఉందా?"


కణదర్శి
ఆదివారం, మధ్యాహ్నం 3:45

బాబూ, నీకే నేరుగా రాస్తున్నాను. నీళ్ళలో ఒక చిన్న అణువు లెక్క ఇది. మన కణం అంత దూరం, అంటే పది మైక్రోమీటర్లు దాటడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. ఒక మిల్లీమీటరుకి ఎనిమిది నిమిషాలు. సెంటీమీటరుకి పద్నాలుగు గంటలు. మీటరుకి పదహారేళ్ళు. నీ వయసు కంటే ఎక్కువ!

కణాలన్నీ ఎందుకంత చిన్నవిగా ఉన్నాయో ఇప్పుడు చూడు. ఆ కొలతలో ఏరియేటరు లేకుండానే పని జరిగిపోతుంది. నీ మెదడులో ఒక నాడీకణం నుంచి పక్కదానికి కబురు మోసే అణువు దాటాల్సిన సందు ఇరవై నానోమీటర్లే. మైక్రోసెకను (సెకనులో పది లక్షో వంతు) లోపే దాటేస్తుంది. ఊపిరితిత్తుల్లో వాయుగోణుల గోడ మందం సుమారు అర మైక్రోమీటరు. రక్తం ఆ గోడ పక్క నుంచి ముప్పావు సెకనులో వెళ్ళిపోతుంది, ఆక్సిజన్ నిండడానికి అందులో మూడో వంతు సరిపోతుంది. ఇక ఊపిరితిత్తి నుంచి కాలి బొటనవేలు దాకా ఆక్సిజన్ని నడిపించలేం కాబట్టి గుండె, రక్తం. నీ గుండే నీ ఏరియేటరు. ప్రతి కణానికీ నూరు, రెండువందల మైక్రోమీటర్ల లోపు ఒక రక్తకేశనాళిక ఉండేలా ఒళ్ళంతా అల్లి ఉంటుంది.

కానీ ఒళ్ళో పొడవాటి కణాలు కూడా ఉన్నాయి. నడుము నుంచి పాదం దాకా పోయే నాడీకణం తీగ మీటరు వరకూ ఉంటుంది. సరుకు తయారయ్యేది పైన, కావలసింది కింద. అక్కడ విసరణని నమ్ముకుంటే అంతే సంగతులు. అందుకే ఆ కణంలో పట్టాలున్నాయి, వాటిమీద కూలీలున్నారు. కైనెసిన్ అనే ప్రోటీన్, 1985లో గుర్తించారు. రెండు కాళ్ళతో పట్టాలమీద అడుగులో అడుగు వేస్తూ మూట మోసుకుపోతుంది. అడుగుకి ఎనిమిది నానోమీటర్లు, ప్రతి అడుగుకీ ఒక ఏటీపీ అణువు (కణానికి శక్తినిచ్చేది) కూలి. ఇలా పోయే సరుకు రోజుకి నలభై సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. పదహారేళ్ళ ప్రయాణం రెండున్నర రోజులైంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కణం లోపలంటే గ్లాసులో నీళ్ళలా తేటగా ఉండదు. ఈ.కొలై బాక్టీరియాలో ప్రోటీన్లే లీటరుకి రెండు మూడు వందల గ్రాములు. జెల్లీ చేప నుంచి తీసిన ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్‌ని అందులో పెట్టి, లేజరుతో ఒక చోట ఆ వెలుగుని ఆర్పేసి, పక్కనుంచి వెలిగేవి వచ్చి ఆ చీకటిని ఎంతసేపట్లో నింపుతాయో కొలుస్తారు. నీళ్ళలో సెకనుకి 87 చదరపు మైక్రోమీటర్ల గుణకం, కణంలో ఎనిమిదికి పడిపోయింది. అయినా ఆ బాక్టీరియా పొడవు రెండు మైక్రోమీటర్లే కాబట్టి ఆ చివర నుంచి ఈ చివరకి పావు సెకను చాలు, దానికి ఇబ్బందేమీ లేదు. నేను మొదటిసారి మైక్రోస్కోపులో ఆ చీకటి మచ్చ నిండిపోవడం చూసినరోజు ఇంటికి ఫోన్ చేసి మా అమ్మకి చెప్పాను.


పచ్చళ్ళ జాడీ
ఆదివారం, సాయంత్రం 5:20

నాకు డెబ్భై నిండాయి. ఈ కణాలూ అవీ నాకంత పట్టవు గానీ, ఊట గురించి చెప్పగలను. మాగాయకి కాయ చెక్కు తీసి ముక్కలు తరిగి, ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెడతాం. చుక్క నీళ్ళు పొయ్యం. మూడోరోజు మూత తీస్తే ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ముక్కలు పిండి ఎండబెడతాం, ఊట విడిగా ఎండబెడతాం, ఆ తర్వాతే కలపడం. ఉప్పు ముక్కలోకి వెళ్తోందా, నీళ్ళు బయటికొస్తున్నాయా? రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయి? మా అత్తగారు "ఉప్పు ముక్కని పట్టాలి" అనేవారు. అది పట్టేదాకా మూడు రోజులు ఆగాల్సిందే.


సైన్సు మాస్టారు
ఆదివారం, సాయంత్రం 6:10

అమ్మా, మీరడిగింది ద్రవాభిసరణ. నీరు కూడా అణువులే కదా, అవీ తిరుగుతుంటాయి. కాయ ముక్కలో ప్రతి కణానికీ ఒక పొర ఉంటుంది. విచక్షణా త్వచం అని మా పుస్తకంలో పేరు. ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని ఆపాలి అన్న విచక్షణ ఉన్న పొర. నీటిని తేలిగ్గా పోనిస్తుంది, ఉప్పుని దాదాపు ఆపేస్తుంది. బయట ఉప్పు దట్టంగా ఉంటే అక్కడ నీటి అణువుల వంతు తక్కువ, లోపల ఎక్కువ. నా గంతల పిల్లల లెక్కే, ఈసారి పిల్లలు నీటి అణువులు. బయటికి దాటేవి ఎక్కువ, లోపలికొచ్చేవి తక్కువ. అదే మీ ఊట.

దీన్ని మొదట కాగితం మీద పెట్టినవారు ఫ్రాన్సులో నోలె అనే ఆయన, 1748లో. సారాయి నింపిన గాజుపాత్ర మూతికి పంది మూత్రాశయపు పొర బిగించి నీళ్ళలో పెడితే, నీళ్ళు లోపలికి చేరి పొర పొంగిపోయింది.


కణదర్శి
ఆదివారం, రాత్రి 8:00

అమ్మమ్మగారూ, మీ అత్తగారి మాట అక్షరాలా నిజం. మాస్టారు చెప్పింది మొదటి అంకం. నీరు పోయేకొద్దీ కణం లోపలి భాగం గోడని వదిలి ముడుచుకుపోతుంది, కాసేపటికి కణం చచ్చిపోతుంది. చచ్చిన పొరకి విచక్షణ ఉండదు. అప్పుడు మొదలవుతుంది రెండో అంకం. ఉప్పు, పసుపు, ఆ తర్వాత కారం, ఆవఘాటు ముక్కలోకి నడుచుకుంటూ పోతాయి. ముందు నీళ్ళు రావాలి, ఆ తర్వాతే ఉప్పు పట్టాలి. ముక్క మందం రెట్టింపైతే రెండో అంకానికి నాలుగింతల సమయం కావాలి. మాగాయ ముక్క పల్చగా తరగడం వెనక ఉన్న లెక్క ఇదే.

మరి బతికున్న కణంలో నీరు అంత తేలిగ్గా ఎలా దాటుతుంది? పొరేమో కొవ్వుతో చేసింది. నూనెకి, నీళ్ళకి పడదు. చాలా ఏళ్ళు ఇది పెద్ద చిక్కుముడి. అమెరికాలో పీటర్ ఆగ్రె ఎర్ర రక్తకణాల మీద పనిచేస్తూ వెతకని ప్రోటీన్ ఒకటి పదేపదే కంటపడటం చూశారు. 1992లో దాన్ని కప్ప గుడ్లలో తయారయ్యేలా చేసి, ఆ గుడ్లని మంచినీళ్ళలో వేశారు. మామూలు గుడ్లు అలాగే ఉన్నాయి. ఆ ప్రోటీన్ ఉన్నవి ఉబ్బి నిమిషాల్లో పేలిపోయాయి. ఆక్వాపోరిన్ అని పేరు పెట్టారు. ఒక్కో గొట్టంలో సెకనుకి 300 కోట్ల దాకా నీటి అణువులు వరసలో ఒకదాని వెనక ఒకటి దాటతాయి. 2003లో ఆయనకి నోబెల్ వచ్చింది.


చెరువుగట్టు
ఆదివారం, రాత్రి 8:25

హేచరీ నుంచి సీడు వచ్చినప్పుడు సంచుల్ని చెరువులో తేలేసి, కొంచెం కొంచెంగా మా నీళ్ళు కలుపుతాం. ఒక్కసారిగా వదిలితే పిల్ల చచ్చిపోతుంది. ఇదీ అదేనా? హేచరీ నీళ్ళు ఉప్పెక్కువ, మావి తక్కువ.


కణదర్శి
ఆదివారం, రాత్రి 8:40

అదే. ఉప్పు తగ్గిన నీటిలో ఒక్కసారిగా పడితే నీరు రొయ్యపిల్ల ఒంట్లోకి చొరబడుతుంది. మొప్పల్లో ఉప్పుని లోపలికి లాగే పంపులుంటాయి, అవి కొత్త నీటికి సర్దుకోవడానికి వ్యవధి కావాలి.


నల్లగొండ బిడ్డ
ఆదివారం, రాత్రి 9:15

మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళతోని ఎంతమంది కాళ్ళు వంకర్లు పోయినయో అందరికి ఎర్కనే. మా ఊర్ల ఆర్వో ప్లాంటు పెట్టినంక బిందె నీళ్ళు కొనుక్కొని తాగుడు మొదలైంది. మాస్టారు సారు చెప్పినట్టయితే నీళ్ళు ఉప్పు ఎక్కువున్న దిక్కు పోవాలె గద? ప్లాంటుల ఉల్టా ఎట్ల వస్తయి?


సైన్సు మాస్టారు
ఆదివారం, రాత్రి 9:50

మంచి చోట పట్టుకున్నావు తమ్ముడూ. వదిలేస్తే అటే పోతాయి. ఆ పోయే నీటి బలానికి ఒక కొలత ఉంది, ద్రవాభిసరణ పీడనం. సముద్రపు నీటికైతే అది గాలి పీడనానికి సుమారు 27 రెట్లు. మోటారుతో దానికంటే ఎక్కువ ఒత్తిడి పెడితే నీరు వెనక్కి తిరగక తప్పదు. ఉప్పు, ఫ్లోరైడ్ పొర ఇవతలే మిగులుతాయి. మీ బోరు నీళ్ళలో ఉప్పు సముద్రమంత ఉండదు కాబట్టి చిన్న మోటారు చాలు. ఆ మిగిలిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకా దట్టంగా ఉంటుంది, వాటిని ఎక్కడ వదులుతున్నారో మీ ప్లాంటువాళ్ళని గట్టిగా అడగండి.


ఉద్దానం
ఆదివారం, రాత్రి 11:40

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నేను డయాలసిస్ టెక్నీషియన్ని, మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు కిడ్నీ జబ్బు సంగతి మీరంతా వినే ఉంటారు. రోజూ మూడు షిఫ్టుల్లో ఇదే పని చేస్తూ, ఆ గొట్టంలో జరిగేది విసరణే అని ఎప్పుడూ ఇంత వివరంగా అనుకోలేదు.

మా డయలైజరులో పదివేల దాకా సన్నటి దారాల్లాంటి గొట్టాలుంటాయి. రక్తం వాటి లోపల పారుతుంది. బయట ఎదురు దిశలో మందు నీరు, నిమిషానికి అర లీటరు. నాలుగు గంటల్లో ఒక్క మనిషికి 120 లీటర్లు. ఒంట్లో తయారయ్యే వ్యర్థం యూరియా, అది ఎక్కువున్న రక్తంలోంచి అది లేని నీటిలోకి దాటుకుంటుంది. ఎవరూ లాగరు, పిండరు. ఒంట్లో చేరిన అదనపు నీటిని మాత్రం ఒత్తిడితో తీస్తాం. గొట్టం లోపలి వెడల్పు 200 మైక్రాన్లు (అంటే మైక్రోమీటర్లే). ఎందుకంత సన్నం అని కొత్తలో అడిగితే "కంపెనీ అలా చేస్తుంది" అన్నారు. కణదర్శి గారి లెక్క ఇప్పుడు వేసి చూశాను. మధ్యలో ఉన్న యూరియా గోడ దాకా నడవాల్సింది వంద మైక్రాన్లు, మూడు నాలుగు సెకన్లు. గొట్టం పదింతలు వెడల్పుంటే అయిదు నిమిషాలు. అప్పటికి రక్తం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

మా పేషెంట్లకి చెప్పాలి ఇది. నాలుగు గంటలూ ఆ గొట్టాలకేసి చూస్తూ పడుకుంటారు. లోపలేం జరుగుతోందో తెలుసుకునే హక్కు వాళ్ళకుంది.


కణదర్శి
సోమవారం, ఉదయం 7:30

ఉద్దానం గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. డయాలసిస్ అన్న మాట పెట్టింది థామస్ గ్రాహం, 1861లో. వాయువుల విసరణ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషే. మొదటి పనికొచ్చే యంత్రాన్ని 1943లో, నాజీల ఆక్రమణలో ఉన్న హాలండులో విలెం కోల్ఫ్ అనే యువ డాక్టరు తయారుచేశారు. పొర కోసం ఆయన వాడింది సాసేజీలు చుట్టే సెలోఫేన్ గొట్టం. మొదట్లో చికిత్స చేసినవాళ్ళు దాదాపు అందరూ చనిపోయారు. 1945లో ఒకామె బతికింది.


సైన్సు మాస్టారు
సోమవారం, ఉదయం 8:05

నిన్న ఉదయమే చైనా గ్రాస్ కొనుక్కొచ్చాను. రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో జెల్లీ గడ్డకట్టాక, పదకొండు గంటలకి మిఠాయి రంగు కలిపిన నీళ్ళు పైన పోశాను. రెండోదాంట్లో మామూలు నీళ్ళు, పైనుంచి అదే రంగు ఒక చుక్క.

మామూలు నీళ్ళలో చుక్క అర నిమిషంలో అడుగుకి దిగింది. జెల్లీలో గంటకి నాలుగు మిల్లీమీటర్లు. నాలుగు గంటలకి ఎనిమిది. తెల్లవారుజామున మూడు గంటలకి, అంటే పదహారు గంటలకి లేచి స్కేలు పెట్టి చూశాను. పదిహేను, పదహారు మధ్య. రెట్టింపు దూరానికి నాలుగింతల సమయం, నా కళ్ళముందే.

ఇరవై రెండేళ్ళుగా అగరొత్తిని విసరణ అని చెప్పాను. ఈరోజు మూడో పీరియడు తొమ్మిదో తరగతికే ఉంది. రెండు గ్లాసులూ సంచిలో పెట్టుకున్నాను. ముందు అగరొత్తి వెలిగిస్తాను, పొగ దారాన్ని చూపిస్తాను, తర్వాత గ్లాసులు బల్లమీద పెడతాను. ఏది విసరణో వాళ్ళనే చెప్పమంటాను.


గోదారి గట్టు
సోమవారం, ఉదయం 8:20

మాస్టారూ, మావాడికి ఆ జెల్లీ కొలతలు పంపండి. గ్రాఫు గీస్తానంటున్నాడు. వాడు ఇవాళ మళ్ళీ ఇంకోటి అడిగాడు. "బాక్టీరియాకి గుండె లేదు కదా, అది పెద్దగా పెరగాలనుకుంటే ఏం చెయ్యాలి?"


కణదర్శి
సోమవారం, ఉదయం 8:50

చెప్పు వాడికి, ఒకటి పెరిగింది! కరీబియన్‌లో గ్వాడలూప్ దీవి మడ అడవుల్లో దొరికిన బాక్టీరియా, 2022లో ప్రకటించారు. థయోమార్గరీటా మాగ్నిఫికా. సుమారు సెంటీమీటరు పొడవు, ఉత్త కంటికి తెల్లటి పోగులా కనిపిస్తుంది. కణం మధ్యలో చాలా భాగం ఒక నీటి సంచి. బతుకంతా అంచున పల్చటి పొరలోనే. ఎంత పెరిగినా, పొర దగ్గర్నుంచి ఏ అణువూ దూరం నడవక్కర్లేదు.


చెరువుగట్టు
మంగళవారం, ఉదయం 6:15

రాత్రి మీటరు పట్టుకుని చెరువులోకి దిగాను. ఇన్నాళ్ళూ పైనీళ్ళలోనే డీవో చూసేవాణ్ణి. ఈసారి మూడున్నరకి పైన, అడుగున విడివిడిగా చూశాను. పైన 4.6, అడుగున 2.1. రొయ్య ఉండేది అడుగునే. నాలుగు ఏరియేటర్లలో రెండు ఒక మూలకే తిరుగుతున్నాయి, ఎదుటి మూల నీళ్ళు నిలవే. మనుషుల్ని పిలిచి ఆ రెండింటినీ జరిపించాను. అయిదింటికి మళ్ళీ చూస్తే పైన 4.4, అడుగున 3.9.

ఇవాళ రాత్రి మళ్ళీ కొలుస్తాను. ఎదుటి మూల సంగతి కూడా రాస్తాను.